తాడు ఎత్తిన ఆదివారం

తెల్లవారుతూనే వాన పడి వెలిసింది. మేడ మీద బట్టలారేసుకునే కొబ్బరి తాడు తడిసి, ఆ పీచు వాసన కిందికి వంటింటి దాకా వచ్చింది. ఆ వాసన తగిలితే చాలు, నాకు వందల సైకిళ్ళ గంటలు ఒక్కసారి మోగినట్టుంటుంది. మహాలక్ష్మి టీచర్ గారు గుర్తొస్తారు. వచ్చే నెల ఆవిడ పేరు మీద రాజమండ్రిలో పెద్ద సైకిల్ యాత్ర చేస్తామని కొందరు మొన్న మా ఇంటికి వచ్చారు. కూడళ్ళలో అడ్డంగా పట్టుకోవడానికి అప్పట్లో ఆవిడ వాడిన తాడే కావాలని అడిగారు. కాఫీ తాగుతూ వాళ్ళలో ఒకాయన, "చివర్లో పోలీసులకి భయపడి యాత్ర తగ్గించేశారటగా, పాపం" అన్నాడు. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. ఆవిడ తాడు ఎందుకు పక్కన పెట్టారో చూసినవాణ్ణి నేను. ఆవిడని ఎన్నడూ చూడనివాళ్ళు ఆవిడ పేరు చెప్పి దారి మూసేలోగా ఇది రాసి ఉంచాలనిపించింది.

నేను మెయిన్ రోడ్డులో ఒక బట్టల కొట్లో పని చేస్తాను. ఇంటర్‌తో చదువు ఆగిపోయింది గానీ, మా పేట గ్రంథాలయంలో నేను తెరవని బీరువా లేదు. ఇంగ్లీషు కూడా అక్కడే నిఘంటువు పక్కన పెట్టుకుని నేర్చుకున్నాను. ఒకసారి దేవీచౌక్ దగ్గర ఆటో తగిలి సైకిలుతో సహా పడ్డాను. ఎముకలేమీ విరగలేదు, ధైర్యం మాత్రం విరిగింది. ఆ తరవాత కొట్టుకి నడిచే వెళ్ళేవాణ్ణి. గ్రంథాలయంలో మాత్రం సైకిళ్ళ గురించి దొరికినదల్లా చదివేవాణ్ణి. ఒక సాయంత్రం ఎదుటి బల్ల మీంచి ఒక పెద్దావిడ తల వంచి నా పత్రికలోకి చూశారు. ఆవిడే మహాలక్ష్మి టీచర్ గారు, ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైన మనిషి. మెడలో ఈల అప్పటికీ ఉంది.

"చదవడం అయ్యాక తొక్కుతావా, తొక్కడం మానేశాక చదువుతున్నావా?" అన్నారు.

"మానేశానండి" అన్నాను.

"అయితే ఆదివారం పొద్దున్నే పుష్కర ఘాట్ దగ్గరికి రా. సైకిలుకి గాలి కొట్టించుకుని రా, ధైర్యం అక్కడ మేం కొడతాం."

వెళ్ళాను. టీచర్ గారు నెలకో ఆదివారం నడిపే సైకిల్ యాత్ర అది. ఘాట్ నుంచి గట్టు వెంట ధవళేశ్వరం దాకా, అక్కడి నుంచి మళ్ళీ ఊళ్ళోకి. ముందు సైకిళ్ళు, వెనక సైకిళ్ళు, పక్కన మనవణ్ణి ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకున్న ఒక తాతగారు. లారీ హారన్ కొడితే నేనొక్కణ్ణే ఉలిక్కిపడక్కర్లేదు, అందరం కలిసి ఉలిక్కిపడుతున్నాం. మర్నాడు కొట్టుకి సైకిలు మీదే వెళ్ళాను. గుంపు యాత్రల వల్ల ఏమొస్తుందని ఎవరైనా అడిగితే నా దగ్గరున్న మొదటి జవాబు ఇదే. నాకు సైకిలు తిరిగొచ్చింది.

నెల నెలా జనం పెరిగారు. కూడళ్ళ దగ్గర యాత్ర ముక్కలైపోతుంటే, తాడు ఆలోచన టీచర్ గారికే వచ్చింది. ఆవిడది కోరుకొండ. అక్కడ స్వామి రథం కదిలేటప్పుడు తాడు పట్టి జనాన్ని ఆపడం చిన్నప్పటి నుంచీ చూసిన మనిషి. "మనవాళ్ళు ఎర్ర దీపానికి ఆగరు గానీ ఊరేగింపుకి ఆగుతారయ్యా" అనేవారు. అలాగే ఆగారు కూడా. ముందు సైకిలు చక్రం దగ్గర కొబ్బరికాయ కొట్టేవాళ్ళం. తాడు పడగానే ఆటోలు ఆగేవి, బస్సులు ఆగేవి. ఒక ముసలమ్మ ఏ దేవుడనుకుందో, మాకు దణ్ణం కూడా పెట్టింది. సైకిలు తొక్కే జనం ఎక్కువైతే బళ్ళవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే జాగ్రత్త పడతారని నేను చదివింది టీచర్ గారికి వివరిస్తే, "చూద్దాం, పుస్తకం మన ఊరు వస్తుందేమో" అని నవ్వారు.

వరద నీళ్ళ రోజుల్లో ఒక ఆదివారం. ధవళేశ్వరం వైపు నుంచి వచ్చే రోడ్డు కూడలిలో తాడు పడింది. తాడుకి అవతల సత్తిబాబు అనే చేపలతను చిక్కుకున్నాడు. సైకిలు వెనక పెద్ద బుట్ట, దాని కింద నుంచి కరిగిన ఐసు నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఆదివారం పొద్దుటి బేరమే అతనికి వారమంతటి బేరం.

"అయ్యా, తాడెత్తండి. నాదీ సైకిలేనండి!" అన్నాడు.

తాడు ఒక కొస పట్టుకున్నది యాత్ర ఏర్పాట్లు చూసే మా కమిటీలో ముఖ్యుడు ప్రసాద్ గారు, ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరరు. "కాసేపు ఆగవయ్యా. ఇదంతా మీలాంటి సైకిలువాళ్ళ కోసమే" అన్నారు.

"ఆయ్, మా కోసమైతే మమ్మల్ని పోనివ్వండి మరి!"

ఆటోవాళ్ళు పకపకా నవ్వారు. సత్తిబాబు నవ్వలేదు. "రథమైతే దణ్ణం పెట్టుకుని ఆగుతానండి. ఇందులో దేవుడేడండి?" అన్నాడు.

ఆ మాట టీచర్ గారి చెవిన పడింది. ఆవిడ సైకిలు నాకు అప్పగించి వెళ్ళి, తాడు రెండు చేతులతో తల మీదికి ఎత్తి పట్టుకున్నారు. "వెళ్ళు నాయనా" అన్నారు. అతని వెనకే పాల క్యానులవాడు, ఇంకో ఇద్దరు ముగ్గురు చేపలవాళ్ళు తాడు కింద నుంచి దూరి వెళ్ళారు. అందరివీ సైకిళ్ళే. యాత్ర మొత్తం నిలిచిపోయింది. మా వెనక గంటలు విసుగ్గా మోగాయి.

మర్నాడు ఆఫీసుల వేళకి నన్ను తోడు రమ్మని సైకిలు మీద మెయిన్ రోడ్డుకి బయల్దేరారు. "నిన్న మనతో వచ్చినవాళ్ళు ఎవరైనా కనిపిస్తే చెప్పు" అన్నారు. ఎవరూ కనిపించలేదు. వాళ్ళ సైకిళ్ళు అపార్ట్‌మెంట్ల కింద గొలుసులతో ఉన్నాయి, వాళ్ళు మోటారు బళ్ళ మీద ఉన్నారు. ఒక మోటార్ సైకిలతను ఆవిడ మోచేతిని రాసుకుంటూ వెళ్ళి, "ఇవాళ తాడు తేలేదేంటండీ మామ్మగారూ!" అని కేకేశాడు. ఆవిడ కాలు ఆన్చి నిలదొక్కుకున్నారు.

"నిన్న మనం నిలబెట్టినవాడు ఇవాళ మనకి చోటిస్తాడేంటి?" అన్నారు.

"కానీ టీచర్ గారూ, ఆ గుంపు లేకపోతే నేను మళ్ళీ సైకిలెక్కేవాణ్ణి కాదండి."

"అదీ నిజమే. గుంపు ఉండాలి. దారి మాత్రం అందరితో పాటే మనకీ."

ఇక తాడు వద్దని ఆవిడ అంటే కమిటీలో గొడవైంది. ప్రసాద్ గారన్న మాట కూడా రాయాలి, ఎందుకంటే అందులో నిజం ఉంది: "తాడు తీసేస్తే పిల్లల్ని ఏ తల్లి పంపుతుందండీ? జనం కనపడకపోతే సైకిలుకి దారి కావాలని అడిగే గొంతు మనకేదండీ?" టీచర్ గారు తాడు చుట్ట చుట్టి ఒళ్ళో పెట్టుకున్నారు. "పిల్లలు తగ్గుతారని నాకూ తెలుసు ప్రసాద్ గారూ. కానీ సైకిలు కోసం సైకిలుని ఆపలేను" అన్నారు. ఆయన అన్నట్టే జరిగింది. తాడు పోయాక చాలామంది తల్లులు మానేశారు. చిన్న చిన్న జట్లుగా, ఎర్ర దీపం దగ్గర అందరితో పాటు ఆగుతూ వెళ్ళే యాత్రలో పాత సందడి లేదు. ఆ మానేసిన పిల్లల గురించి ఆవిడ చివరిదాకా బాధపడ్డారు.

దానికి బదులు సోమవారం తోడు మొదలుపెట్టారు. పనికి సైకిలు మీద వెళ్ళాలని ఉండి భయపడేవాళ్ళ ఇంటికి వెళ్ళి, గుమ్మం నుంచి పని చోటు దాకా తోడు తొక్కేవారు. నర్సు ఉషారాణి గారికి భయం పోయేదాకా అలా ఆసుపత్రి వరకు వెళ్ళారు. ఎప్పుడూ బళ్ళు వచ్చే కుడి పక్కనే ఉండేవారు, అర చక్రం వెనగ్గా. "ముందు పోతే నిన్ను చూసి తొక్కుతారు. వెనగ్గా ఉంటే దారి చూసి తొక్కుతారు" అని నాకు నేర్పారు. తాడు నా చేతిలో పెట్టి, "దీని మీద బట్టలారేసుకో" అన్నారు.

పోయిన వేసవిలో ఆవిడ వెళ్ళిపోయారు. నేను ఇప్పటికీ సోమవారాలు ఎవరికో ఒకరికి కుడి పక్కన, అర చక్రం వెనగ్గా తొక్కుతున్నాను. యాత్ర చేస్తామని వచ్చినవాళ్ళతో తప్పకుండా వస్తానని చెప్పాను. తాడు మాత్రం ఇవ్వనన్నాను.

ఇది రాయడానికి సాయపడినవాళ్ళు ఉన్నారు. నాకు ఎప్పటిలాగే కిటికీ పక్క బల్ల ఖాళీగా ఉంచిన గ్రంథాలయం సుబ్బలక్ష్మి గారికి, తన మాట తానన్నట్టే రాశానని ఒప్పుకున్న ప్రసాద్ గారికి, ఆసుపత్రి దారి మళ్ళీ నాతో తొక్కి గుర్తు చేసిన ఉషారాణి గారికి కృతజ్ఞతలు. చివరగా సత్తిబాబుకి. చేపల బజార్లో అతని పక్కన పీట మీద కూర్చుని ఇదంతా చదివి వినిపించాను. చేతులు తుడుచుకుంటూ విన్నాడు. ఆ అమ్మగారి పేరు మీదేనా యాత్ర అని రెండుసార్లు అడిగాడు.

"తాడు లేదంటే నేనూ వత్తానని చెప్పండి" అన్నాడు. "బుట్టతోనే వత్తానండి. దారిలో బేరం తగిలితే మాత్రం ఆగుతాను."