టీకా లేచేదాకా

టీకాలాయన వస్తాడని నేను మూడు రోజులు కాలవ గట్టు మీద నిలబడినా. పొద్దున గంజి తాగి పోయేదాన్ని, ఎండ నెత్తికెక్కినాక ఇంటికొచ్చేదాన్ని, మళ్ళీ పొద్దు వాలేటప్పుడు పోయేదాన్ని. ఉప్పు పడవలు, కట్టెల పడవలు వస్తా ఉండాయి, పోతా ఉండాయి. దేంట్లోనూ సంచీ, గొడుగూ పెట్టుకున్న మడిసి లేడు.

చైనావోళ్ళతో యుద్ధం అని అందరూ చెప్పుకున్నారే, అది అయిన మరుసటి ఎండాకాలం. మాకు ఉత్తరంగా ఉండే పాళెంలో రెండిళ్ళల్లో అమ్మోరు పోసింది. ఆటలమ్మ కాదు, పెద్దమ్మోరు. మశూచికం. ఆ మాట అప్పుడు పైకి అనకూడదు, 'తల్లి వచ్చింది' అనాల. మా పాళెంలో ఇంకా ఎవరికీ రాకముందే తాలింపులు ఆపేసినారు, చేపలు వేయించడం ఆపేసినారు. ఆ వాసనకి తల్లికి కోపం వస్తాదని. ఎండు చేపలకి వచ్చే బేరగాళ్ళు కాలవ అవతలే నిలబడి, మా గుమ్మాలకి వేపమండలు చూసి వెనక్కి తిరిగిపోయినారు.

నాకు నా గురించి భయం లేదు. చిన్నప్పుడు బళ్ళో రెండో తరగతిలో ఉండంగా నాకు టీకాలు వేసినారు. ఆ తరగతితోనే నా చదువూ అయిపోయింది. భయమంతా అత్తామామల గురించే. నా మొగుడు సముద్రంలో పోయి అప్పటికి రెండేళ్ళు. నాకు నాలుగేళ్ళ కూతురు. పుట్టింట్లో నా మొగం చూసేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఆ ముసిలోళ్ళిద్దరూ పోతే నేనూ నా బిడ్డా ఎవరి గడపలో నిలబడాల? మా అత్త మంచి మాటలు చెప్పే మడిసని అనుకోవద్దు. ఆమె నోరు తెరిస్తే ఇంటి మీది కాకులు లేచిపోయేవి. అయినా ఆ చేత్తో పెట్టిన కూడు నాకూ నా బిడ్డకీ ఒక్క ముద్ద తగ్గలా.

వాళ్ళిద్దరికీ పుట్టినప్పటి నుంచీ టీకా లేదు. వాళ్ళ చిన్నతనంలో టీకాలోళ్ళు వస్తే పెద్దోళ్ళు పిలకాయల్ని పండబెట్టి పైన వలలు కుప్ప పోసేవాళ్ళంట. అత్త అది గొప్పగా చెప్పేది. "మూడు మాట్లు వచ్చినారమ్మే. మూడు మాట్లూ దొరకలా నేను."

మామకి ఒక చెవి వినపడదు. సముద్రంలోకి పోవడం మానేసి, ఇంటి ముందర కూర్చోని ఊళ్ళోవాళ్ళ వలలు బాగుచేసేవాడు. ఆయన వినపడే చెవి పక్కన కూర్చోని చెప్పినా, "మామా, ఈ తూరి వేయించుకోవాల" అని.

"ఈ చేతుల్లో ఎన్ని ముళ్ళు దిగినాయో లెక్క లేదు. ఇంకో ముల్లు ఎందుకమ్మా?"

"అదే చెప్తా ఉండా మామా. ఇంకొకటే గదా."

ఆయన నవ్వినాడు. అత్త నవ్వలా. "తల్లి రావాలనుకుంటే వస్తాది. అడ్డం పెట్టేదానికి నువ్వెవరు, ఆ సూదెవరు?"

"తల్లిని రావద్దని కాదత్తా. వచ్చినా నిన్ను వదిలిపెట్టి పోతాదని."

"నన్నొదిలితే నీకేం లాభం? మళ్ళీ తిట్టించుకునేదానికా?"

"ఆఁ, దానికే."

ఆమె ఇంకేం అనలా. మా అత్త ఏం అనకపోతే ఒప్పుకున్నట్టు. కానీ ఒప్పుకున్న మడిసి ఎన్ని రోజులు ఒప్పుకోని ఉంటాదో తెలియదు. అందుకే నాకు ఆ గట్టు మీద కాలు నిలిచేది కాదు. మూడో రోజు ఇంటికొస్తే, పక్కింటి అక్క వింటా ఉండంగానే అత్త అనేసింది, "ఏందమ్మే, మొగపెళ్ళోళ్ళు దిగుతారని చూస్తా ఉండావా, అట్టా గట్టు మీద నిలబడి?" మొగుడు పోయినదాన్ని అనే మాటా అది? మొగమంతా మంటెత్తింది. సాయంత్రం మళ్ళీ పోయినా.

నాలుగో రోజు ఉప్పు పడవలో వచ్చినాడు. బక్క మడిసి, ఖాకీ చొక్కా, చెమటకి వీపు తడిసిపోయి ఉండాది. వలలు ఆరేసే చోట పందిరి కింద కూర్చున్నాడు. చేతిలో చిన్న ఇనప బిళ్ళ, దానికి సన్న ముళ్ళు. జబ్బ మీద మందు చుక్క వేసి, ఆ బిళ్ళ పెట్టి గిరుక్కున తిప్పుతాడు. అంతే. మా పాళెం పెద్ద ముందు వేయించుకున్నాడు గాబట్టి మిగిలినోళ్ళూ వరసలోకి వచ్చినారు. మామ చెయ్యి చాపినాడు. అత్త మొగం పక్కకి తిప్పుకోని చాపింది. నాకూ మళ్ళీ ఒకటి వేసినాడు. నా బిడ్డ వంతు వచ్చేసరికి అది జారుకోని ఇసుక దిబ్బల మీదికి పరిగెత్తింది. దాన్ని పట్టుకొచ్చి వేయించినా. ఆయన అందరికీ చెప్పిన మాట నేను ఆ దిబ్బల మీద ఉండంగానే చెప్పినాడంట. నేను వినలా. మామకి వినపడలా. అత్తకి వినే అలవాటే లేదు.

ఆ సాయంత్రం అత్త జబ్బ పట్టుకోని మూలగతా ఉండాది. "జెల్ల ముల్లు దిగినట్టు ఉండాదే. ఇదంతా నీ పుణ్యమే."

జెల్ల చేప ముల్లు గుచ్చుకుంటే మంట నడినెత్తికి ఎక్కుతాది. దానికి మా పాళెంలో ఒకటే మందు, గుల్ల సున్నం. ముల్లు ఏ చేపదైనా, గీరింది ఏదైనా, చెయ్యి దానంతటదే సున్నానికి పోతాది. అత్త వక్కాకు సంచీలో నుంచి సున్నం తీసి, ఆ గీతల మీద మందంగా పట్టు వేసినా. మామకీ వేసినా. ఆయన వద్దనలా, "చల్లగా ఉండాది తల్లీ" అన్నాడు. బిడ్డకి పూయబోతే అది చెయ్యి ఇయ్యలా, గుడిసె చుట్టూ తిరిగింది. నాకు మంట లేదు, పూసుకోలా. కోడలు కష్టం చూసిందని అత్త ఆ రోజు నన్ను తిట్టకుండానే పడుకుంది. నాకు ఎంత సంతోషమో.

అయిదో రోజు నా బిడ్డ జబ్బ మీద పొక్కు లేచింది. చుట్టూ ఎర్రగా, ఒళ్ళు వెచ్చగా. పక్కింటి అక్క వచ్చి చూసి, "బాగా లేచిందమ్మే, ఇంక దీనికి భయం లేదు" అన్నది. నాకు ఒళ్ళంతా తేలికైపోయింది. పరిగెత్తి అత్త జబ్బ చూసినా. ఏం లేదు. పొలుసు మాదిరి తెల్లగా సున్నం ఎండిపోయి ఉండాది. దాని కింద చర్మం చదునుగా ఉండాది. మామకీ అంతే.

"చూసినావా?" అని అత్త మురిసిపోయింది. "నా ఒంట్లో లేవలా. తల్లికి నా మీద దయ."

అక్క ఆ తెలుపు చూసి అడిగింది, "ఏంది అది? సున్నమా?"

"మంటకి పూసినా."

"ఏమీ పూయొద్దని అంత గట్టిగా చెప్పినాడు గదమ్మే! కడగొద్దు, తుడవొద్దు, మందు చచ్చిపోతాది అని!"

 అత్త అప్పటికే లోపలికి పోయి చేట చెరగతా ఉండాది, వినలా. అక్కని చెయ్యి పట్టుకోని బయటికి తీసుకుపోయి, ఎవరికీ చెప్పొద్దని బతిమాలినా. ఆమె అదో మాదిరిగా చూసింది. అప్పుడు అర్థం కాలా ఆ చూపు.

ఆ రోజే కొస ఇంటాయనకి జరం అని తెలిసింది. మర్నాడు మొగాన గుల్లలు. మా పాళెంలోనే వచ్చేసింది తల్లి. మూణ్ణాళ్ళ ముందు మా మామ ఆయన పక్కనే కూర్చోని, ఇద్దరూ ఒకే వల రెండు కొసలు పట్టుకోని బాగుచేసినారు. నేను కళ్ళారా చూసినా. గంజి కాస్తే పొంగిపోతా ఉండాది, నీళ్ళకి పోతే బిందె నింపకుండానే వచ్చేస్తా ఉండా. పదిమాట్లు మామ నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తే, ఆయన "నేనేమన్నా పిలకాయనా?" అని విసుక్కున్నాడు. ఎట్టా చెప్పాల? నేనే పూసినా, నేనే పాడు చేసినా అని ఏ నోటితో చెప్పాల?

మర్నాడు పొద్దున్నే, బుట్ట నెత్తిన పెట్టుకోని, చింతపండు తెస్తానని అత్తకి చెప్పి కాలవ దాటినా. టీకాలాయన చిట్టమూరు దోవలో ఊరూరూ తిరగతా ఉండాడని పడవవాడు చెప్పినాడు. మొదటి ఊళ్ళో లేడు. రెండో ఊళ్ళో నిన్ననే పోయినాడన్నారు. మా పాళెం మడిసినని తెలిసి ఒక ఇంట్లో నీళ్ళు కూడా పొయ్యలా. ఎండకి కాళ్ళు బొబ్బలెక్కినాయి. మూడో ఊళ్ళో, బడి వరండాలో కూర్చోని సద్దన్నం తింటా ఉండాడు.

"అయ్యా, మా అత్తామామలకి టీకా లేవలా."

"ఎందుకు లేవదు? కడిగినారా?"

"లేదయ్యా. సున్నం పూసినారు." అని, ఆడికి ఆగలేక, "నేనే పూసినా" అన్నా.

ఆయన ముద్ద నోటి దాకా తీసుకుపోయి ఆపినాడు. "గొంతు పోయేటట్టు అరిచి చెప్పినాను గదమ్మా! మళ్ళీ మీ వైపు రావాలంటే పదిహేను రోజులు. నాకు వరసగా ఊళ్ళు ఉన్నాయి. నేనొక్కణ్ణే."

నేను ఆ మెట్టు మీదే కూర్చున్నా. ఏడవలా.  ఆయన తింటా తింటా అడిగినాడు, "అసలు సున్నం ఎవరు పూయమన్నారు నిన్ను?"

"ఎవరు చెప్పాలయ్యా? ముల్లు గుచ్చుకుంటే మా పాళెంలో అందరం అదే పూస్తాం."

"అందరూనా?"

'అందరం' అనే మాట నా నోట్లో నుంచి వచ్చేదాకా నాకే తట్టలా. అప్పుడు గుర్తొచ్చింది అక్క చూసిన చూపు. వాళ్ళ ముసలాయన మంటకి ఓర్చుకోలేకపోతే, ఆయన చెప్పింది విని కూడా ఆమే పూసి ఉంటాది. ఊళ్ళో ప్రతి ముసిలోళ్ళ వక్కాకు సంచీలోనూ సున్నం ఉండాది. ఆయన గిన్నె కింద పెట్టేసినాడు. చేయి కడుక్కోని, "రేపు పొద్దున మొదటి పడవకి వస్తా. మీ పెద్దకి చెప్పు" అన్నాడు.

వచ్చినాడు. పందిరి కింద నిలబడి, "సున్నం పూసినవాళ్ళు ముందుకు రండి" అన్నాడు. ఒక్కరు కదల్లా. అందరూ జబ్బల మీద పైట లాక్కున్నారు, తువ్వాళ్ళు కప్పుకున్నారు. ఆయన తిడతాడని కొందరికి, ఊళ్ళో తల్లి ఉండంగా మళ్ళీ గీరించుకుంటే ఏమవతాదో అని కొందరికి భయం. నేను పోయి ముందర నిలబడినా. మా అత్త చూస్తా ఉండాది. "మా ఇంట్లో నేనే పూసినా. అత్తకీ, మామకీ. నా చేత్తో" అన్నా.

అత్త గొంతు పాళెమంతా వినపడింది. "అంటే నువ్వు నన్ను చంపేదానికి చూసినావా ముండా? అది పదిమందిలో చెప్పుకుంటావా? నాకు చల్లగా ఉండాదనుకున్నానే!"

ఎవరో నవ్వినారు. ఆ నవ్వు వెనకే పక్కింటి అక్క వాళ్ళ ముసలాయన్ని ముందుకు తోసింది. ఇంకో ఇల్లు. ఇంకో ఇల్లు. పాళెంలో ముసిలోళ్ళు పన్నెండు మందైతే అందరి జబ్బలూ తెల్లగానే ఉండాయి. టీకాలాయన తల పట్టుకున్నాడు.

మామ వేయించుకున్నాడు. అత్త విసురుగా ఇంట్లోకి పోయి గడప మీద కూర్చుంది. నేను బతిమాలలా, ఏ మొగం పెట్టుకోని బతిమాలేది? ఆయన సంచీ సర్దుకుంటా ఉంటే, ఆమే లేచి వచ్చింది. "రా అబ్బయ్యా, గీకు. ఇది మళ్ళీ ఎక్కడికో నడిచిపోయి నిన్ను పిలుచుకోనొస్తాది, కాళ్ళు చూసినావా దానివి?" అన్నది. అప్పటిదాకా నా కాళ్ళు ఆమె చూసిందని నాకు తెలియదు.

ఆ తరవాతి రోజులు ఎట్టా గడిచినాయో చెప్పలేను. పూటకి నాలుగు మాట్లు ఇద్దరి జబ్బలూ చూసేదాన్ని. అత్తకి నాలుగో రోజు సన్నగా ఎరుపు, ఆరో రోజుకి నిండు పొక్కు. మామకి చిన్నగా లేచింది, అదీ ఆలస్యంగా. అది లేచినట్టా లేవనట్టా అని ఎవరిని అడగాల? కొస ఇంటాయన పోయినాడు. శవం ఎత్తేదానికి కూడా ఎక్కువ మంది పోలా.

పదో రోజున మామకి జరం వచ్చింది.

చాప వేసి, వేపాకు పరిచి పండబెట్టినాం. అత్త నన్నూ బిడ్డనీ ఆయన దగ్గరికి రానీలా. "నాకు లేచింది గదా, నేను చూసుకుంటా. నువ్వు గంజి గడప దగ్గర పెట్టు" అన్నది. మొగాన, చేతుల మీద గుల్లలు వచ్చినాయి. కొస ఇంటాయనకి వచ్చినంత దట్టంగా కాదు, అక్కడొకటి ఇక్కడొకటి. నేను గడప బయట కూర్చోని ఆయన మూలుగు వినేదాన్ని. మూలగకపోతే ఇంకా భయం. "మామా" అని పిలిచేదాన్ని. వినపడని చెవి పైకి పెట్టుకోని పడుకుంటే పలికేవాడు కాదు, నాకు ప్రాణం పోయేది.

ఆ మధ్యలో టీకాలాయన ఒకసారి వచ్చి, దూరం నుంచే చూసినాడు. అడిగేసినా, మొదటిసారి నేను సున్నం పూయకుండా ఉంటే ఇది వచ్చుండేది కాదా అని. ఆయన చేతిలో గొడుగు తిప్పినాడు. "వచ్చుండేది కాదేమో. రెండోసారి వేయకుండా ఉంటే బతికుండేవాడు కాదేమో. నేను మాత్రం ఏం చెప్పేదమ్మా" అన్నాడు. ఆ రెండు 'ఏమో'లూ నన్ను ఈ నాటికీ వదల్లా.

మామ లేచినాడు. పక్కులు రాలినాక, తల్లి దిగినాక పోసే వేపాకు నీళ్ళు మూడో మాటు పోసినాక, ఇంటి ముందరికి వచ్చి కూర్చున్నాడు. చిక్కిపోయినాడు. మొగాన అక్కడక్కడ గుంటలు. అత్త ఆయన గడ్డం పట్టుకోని ఎండకి తిప్పి తిప్పి చూసింది.

"పెళ్ళిచూపులకి ఈ మొగంతో వచ్చుంటే నేను చేసుకునేదాన్నే కాదు."

"ఇప్పుడేమన్నా పోతావా ఏంది?"

"పోతే ఈ కోడల్ని ఎవరు తిడతారు?"

ఇద్దరూ నవ్వతా ఉండారు. నాకు నవ్వు రాలా. ఎండలో ఆ గుంటలు ఒక్కొక్కటే కనపడతా ఉండాయి. మామ నన్ను చూసి, "ఏందమ్మా అట్టా నిలబడినావు, ఆకలేస్తా ఉండాది" అన్నాడు. లోపలికి పోయి పొయ్యి రాజేసినా.