ఎల్లేశం స్లైడర్ పట్టిన రోజు

మణికొండలో పుట్టి పెరిగిన ఎల్లేశం పాతికేళ్లుగా వీడియోలు తీస్తున్నాడు. పెళ్లి ఊరేగింపులో కెమెరా భుజాన వేసుకుని నడిచినా బొమ్మ కదలదని అతనికి పేరు. అలాంటిది, నాలుగు నెలల కిందట కుడిచెయ్యి సన్నగా వణకడం మొదలైంది. భార్య రజితకు కూడా చెప్పలేదు. ఆమె వడ్డించి లోపలికి వెళ్లాకే ముద్ద కలిపేవాడు.

అప్పుడే గచ్చిబౌలిలోని ఒక కంపెనీ నుంచి పిలుపొచ్చింది. పద్దెనిమిదేళ్లు ఆ భవనాన్ని తుడిచిన కొమురమ్మ పని మానేస్తోంది; ఆమె మీద చిన్న వీడియో కావాలి. ఆమె మాట్లాడుతుంటే కెమెరా మెల్లగా పక్కకు జరగాలని అక్కడి మేనేజరు ప్రియదర్శిని మరీ మరీ చెప్పింది.

చేత్తో పట్టి తీసే ధైర్యం ఎల్లేశానికి లేకపోయింది. కూకట్‌పల్లిలో కెమెరా సామాను కిరాయికిచ్చే స్వామి దగ్గరికి వెళ్లాడు. పట్టాల మీద కెమెరాను జరిపే స్లైడర్లు వరసగా చూపించాడు స్వామి. మోటారుదైతే బటన్ నొక్కితే చాలు, అదే పోతుందన్నాడు. కానీ దాని గుయ్‌మనే చప్పుడు మైకులో పడుతుంది. సన్నటి రాడ్లది తేలికే గానీ, కెమెరా బరువుకు నడుమ వంగింది. చివరికి బరువైన చక్రం బిగించిన మూడడుగులది ఎంచుకున్నాడు. తోపులో కుదుపున్నా చక్రం దాన్ని మింగేసి కెమెరాను నున్నగా నడిపిస్తుంది. స్వామి అటు తిరిగినప్పుడు, వణికే చేత్తోనే నాలుగుసార్లు తోసి చూసుకున్నాడు.

షూటింగు రోజు కంపెనీలో కొమురమ్మ కుర్చీ ముందు స్లైడర్ రెండు చివరలకూ స్టాండ్లు పెట్టి, రసమట్టంలో బుడగ నడిమికి వచ్చేదాకా సరిచేశాడు. మొదటిసారి తోసినప్పుడు ఊపు ఎక్కువై కెమెరా చివరికెళ్లి ఠక్కున తగిలింది. కొమురమ్మ మాట ఆపి అతని చేతివైపు చూసింది.

"చెయ్యి గట్ల వణుకుతుందేంది బిడ్డా? దవాఖానల చూపించుకున్నవా?"

గదిలో అందరూ ఇటు తిరిగారు. ఈ పనే కాదు, ఇక ముందు ఏ పనీ రాదనుకున్నాడు ఎల్లేశం. ప్రియదర్శిని దగ్గరికొచ్చింది.

"షాట్ వస్తుందాండి?" అని మాత్రం అడిగింది.

"వస్తది మేడం. ఇంకొక్కసారి."

ఈసారి మెల్లగా తోసి, వెంటనే చెయ్యి తీసేశాడు. కెమెరా తనంతట తానే జరుగుతూ పోయి, పట్టాల చివరికి నాలుగు వేళ్ల ఇవతలే ఆగింది. అంతసేపూ కొమురమ్మ తాను తుడిచిన మెట్ల గురించి, తన పేరు అడిగిన మొదటి మనిషి గురించి చెబుతూనే ఉంది. తెరమీద చూస్తే ఒక్క అదురూ లేదు.

సామాను సర్దకముందే రజితకు ఫోన్ చేసి అంతా చెప్పేశాడు.

"నాకన్న చెప్పొద్దా? రేపు పొద్దుగాల దవాఖానకు పోదం," అంది రజిత.

డాక్టర్ పరీక్షలు రాశాడు. ఆ వారమంతా ఇద్దరికీ అన్నం సయించలేదు. శుక్రవారం రిపోర్టులు చూసి, ప్రాణభయం లేదన్నాడు డాక్టర్. మందులతో తగ్గుతుంది గానీ ఎంతవరకో ఇప్పుడే చెప్పలేనన్నాడు. బయటికొచ్చాక బండి తాళం చెవి కోసం రజిత చెయ్యి చాపింది. అతను ఇచ్చి వెనక కూర్చున్నాడు.