బల్బు కింది పాచి

శనివారం పొద్దున డ్యూటీకి బయల్దేరుతుంటే ఫోనొచ్చింది. గోదావరిఖని బడిలో మాకు సైన్సు చెప్పిన టీచర్ ఇక లేరట. ఆదివారం వాళ్లింటికి వస్తానని ముందురోజే మాటిచ్చాను. ఆమె ఏళ్ల తరబడి ఎదురుచూసిన కబురు నా దగ్గరే ఉండిపోయింది.

నాన్న బొగ్గుబాయి లోపల నీళ్లు తోడే పంపు నడిపేవాడు. అక్కడ ఎప్పుడూ వెలిగే బల్బు కింద, తడిగోడ మీద పచ్చగా పాచి పట్టేదట. ఎండ పొడే తెలియని చోట పాచి! క్లాసులో ఆ మాట అనగానే టీచర్ చాక్‌పీసు పక్కన పెట్టేశారు. "మీ నాయనను జర గీకి తెమ్మను బిడ్డా" అన్నారు.

నాన్న టిఫిన్ మూతలో తెచ్చాడు. ఆమె దాన్ని నీళ్లసీసాలో వేసి, ప్రేమకొద్దీ కిటికీలో పెట్టారు. మా ఎండల సంగతి తెలిసిందేగా, కొన్నాళ్లకే తెల్లగా పాలిపోయింది. మేం నవ్వాం. ఆమెకు మాత్రం ఏడుపొక్కటే తక్కువ.

"ఎక్కువ వెలుగు పెట్టి నేనే సంపిన. మసక వెలుగుల బతికేటిది పత్రహరితం ఎక్కువ చేసుకుంటది. ఆ రేణువులు దొరికినంత వెలుగును పట్టి, ఒకదానికొకటి అందిచ్చుకుంటయి, నల్లా కాడ బిందెలు చేతులు మారినట్టు. ఆఖరుకు అది తిండి తయారయ్యే కాడికి చేరుతది. గసొంటిదాన్ని ఎండల పెడితే తట్టుకుంటదా?"

అప్పటినుంచీ దాన్ని ఉన్నచోటే చూడాలని ఆమె కోరిక. ఆ రోజుల్లో ఆడవాళ్లను బాయిలోకి దిగనిచ్చేవారు కాదు. దిగనిచ్చేనాటికి ఆమె రిటైరయ్యారు, మోకాళ్లు మొరాయించాయి. ఆడపిల్లనైన నాకు బాయిలో ఉద్యోగమొచ్చిందంటే అది ఆమె చలవే. స్వీటు తీసుకెళ్తే ముట్టుకోకుండానే "ఫోటో తీస్తవా?" అన్నారు. లోపలికి ఫోన్లు తీసుకుపోనివ్వరన్నాను.

"కండ్లున్నయ్ గదా! మంచిగ చూసి చెప్పు" అని కసిరారు.

మొన్న గురువారం పంపు దగ్గర డ్యూటీ పడింది. కళ్లారా చూశాను. మర్నాడు ఆమెకు ఫోన్లో చెప్పబోతే ఒప్పుకోలేదు. "గట్ల కాదు, ఇంటికి రా. చాయ్ పెడత, నిమ్మళంగ చెప్పు."

సమాధుల తోటలో అందరూ పిడికెడు మట్టి వేసి పక్కకు జరుగుతున్నారు. నా వంతు వచ్చింది. వంగి, "టీచర్, పాచి బల్బు కాడ లేత పచ్చగున్నది. దూరం పోయినకొద్ది ముదురు పచ్చగున్నది" అన్నాను.

వెనకనుంచి ఎవరో "జరుగమ్మా" అన్నారు. నేను జరగలేదు. మట్టి చేతిలోనే పట్టుకుని, "మరి గట్లెందుకున్నదో చెప్పు" అని ఆమె అడుగుతారేమోనని చూస్తూ నిలబడ్డాను.