మా మేనత్త గిన్నెలో బూడిద

ఆ వార్త నాకు మొదట తెచ్చింది మా వీధిలో పూలమ్మే ముసలామె. మూర కొలుస్తూనే అన్నది: "మీ అత్త కత పేపర్లో వచ్చుండాదంట కదమ్మా! మంగలంగడిలో చదివి చదివి నగతా ఉండారు. చితి బూడిదంట!"

రాసింది ఎవరో వెంటనే తెలిసింది. మా ముందుగదిలో అద్దెకున్న గుమాస్తా, కోస్తా నుంచి వచ్చిన రచయిత.

మా మేనత్త భర్త పోయిన మనిషి. బెంగళూరు పేటలో, మా నేతగాళ్ళ వీధిలో, పడుగులు అతకడం ఆమె పని. మగ్గం మీద పాత పడుగు అయిపోయేలోగా దాని కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా మెలిపెట్టాలి. పట్టు జారుతుంది గనుక వేళ్ళకు బూడిద అద్దుకుంటారు. ఆమె గిన్నెలో ఉండేది జల్లించిన మా పొయ్యి బూడిద. కునుకు రాకుండా పోగులతో మాట్లాడేది. తెగినదాన్ని "యేమే, పుట్టింటికి పోతావా?" అని గదిమేది.

పత్రిక తెప్పించి చదివాను. నాన్న ఇంట్లో నేర్పిన చదువే నాది, అయినా ఆ కథలోని పనితనం తెలిసింది. కథ చెప్పేది ఒక మనిషి కాదు, వీధి మొత్తం. "మేము చూశాం, మేము విన్నాం" అంటుంది. ఊరంతా అబద్ధమాడుతుందా అనిపిస్తుంది. అత్తలోంచి పోగులతో మాటలు మాత్రం ఉంచి తక్కిన మనిషిని తీసేశాడు, పిచ్చిది మిగిలింది. అసలు విషం రెండు వాక్యాల్లో ఉంది: ఆ రోజు ఆమె మొగుడి చితి ఆరింది. ఆ రోజే ఆమె గిన్నె నిండింది. అంతే. పాపం తాను చేయకుండా చదివేవాడి చేత చేయించాడు.

పెళ్ళి చీర పడుగుకు చితి బూడిద తగిలిందంటే ఎవరు ఊరుకుంటారు? పనులు ఆగిపోయాయి. దొడ్డబళ్ళాపురం మగ్గాల వాళ్ళూ పిలవడం మానేశారు. అత్త గోడకు ఆనుకుని ఉత్త వేళ్ళు మెలిపెడుతూ కూర్చునేది.

రచయిత గదికి వెళ్ళి అడిగాను. "కథ తల్లీ, కథ. ఇందులో ఏ వాక్యం అబద్ధమో చూపించు," అని నవ్వాడు.

దేవుణ్ణి నేను శాంతి అడగలేదు. తెలివి అడిగాను. ఇచ్చాడు.

శనివారం భజనమందిరంలో పురాణం చదివే వంతు నాది. మధ్యలో ఒక పిట్టకథ చెప్పడం ఆనవాయితీ. రచయిత ప్రసాదం కోసం వచ్చి స్తంభం పక్కన కూర్చున్నాడు. నేనూ వీధి గొంతుతోనే మొదలుపెట్టాను. "మన వీధికి ఒకాయప్ప వచ్చినాడు. మనమంతా చూస్తానే ఉండాం. మన దేవుడి దీపంలో నూనె దినామూ తగ్గతా ఉండాది. ఆయప్ప తల దినామూ మెరస్తా ఉండాది."

ముందు ఆడవాళ్ళ వైపు నవ్వు లేచింది. తరువాత మందిరమంతా. ఇల్లు చేరాక అత్త, ఎన్నాళ్ళకో, పొట్ట పట్టుకుని నవ్వింది. "దీపంలో నూనె తగ్గక పెరగతాదా యేమే!"

మర్నాటికి ఆయన నూనె సారు అయ్యాడు. "మీకు నూనె యాల సార్, సుమ్నే దండగ ఖర్చు? గుడి ఉండాది కదా," అన్నాడట అంగడివాడు.

ఆయన మా గడపలోకి వచ్చాడు. "నేను దొంగనా? ఇది అబద్ధం కాదూ?"

"ఏ వాక్యం సార్?" అన్నాను.

నూనె పేరు పోతుందన్న ఆశతో ఆయన నా మాటకు ఒప్పుకున్నాడు. మళ్ళీ శనివారం అందరి ముందు నిలబెట్టి, అది మా పొయ్యి బూడిదేనని, చితి బూడిద అన్నది తన కల్పన అని చెప్పించాను. చెప్పాక కూడా నూనె మాట నేను వెనక్కి తీసుకోలేదు. ఆయన గది ఖాళీ చేసి ఆనేకల్ వెళ్ళాడు. నూనె సారు అన్న పేరు ఆయన కంటే ముందే అక్కడికి చేరిందని విని దేవుడికి కొబ్బరికాయ కొట్టాను. ఆ మేలుకు ఇప్పటికీ దణ్ణం పెడతాను.

అత్తకు పనులు తిరిగి వచ్చాయి, పెళ్ళి పడుగులు తప్ప. "అది ఇంకెవరి చేతనైనా చేయిస్తాం లేమ్మా," అనేవాళ్ళు మర్యాదగానే. ఆయన ఒప్పుకోలును వీధి విన్నది గాని, ఆ రెండు వాక్యాలను మరవలేదు. పోయేదాకా ఆమె మళ్ళీ పెళ్ళి పడుగు ముట్టలేదు.

ఆ కథను ఇప్పటికీ మంచి కథ అంటారు, సంపుటాల్లో వేస్తారు. మంచి కథే. మీ కంటబడితే చదవండి. చదివాక మా మేనత్తను ఒక్కసారి తలచుకోండి. ఆమె అతికిన పోగు తెగిందని ఏ నేతగాడూ ఏనాడూ అనలేదు.