వసారాలో ఉప్పు జాడీ

ముసురు పట్టిన రోజు కల్లుప్పు చెమ్మగిల్లి వేళ్ళకు అంటుకుంటుంది. మదనపల్లెలో మా ఇంటి ఉప్పు జాడీ వంటగదిలో ఉండదు, వసారా గూట్లో ఉంటుంది. తడి ఉప్పు వేళ్ళకు తగిలినప్పుడల్లా రాజమ్మత్త గుర్తొస్తుంది. వరసకు అత్త కాదు. పుంగనూరులో నేను కొత్తగా కాపురం పెట్టినప్పుడు పక్కింటావిడ. నాకు వంట నేర్పింది ఆమే.

దేవుడికి చూపించకముందు వంట రుచి చూస్తే ఎంగిలి అని ఆమె పట్టింపు. అందుకని కొలతంతా చేతిలోనే. మాటల్లో ఉండగానే ఉప్పు గుప్పెటతో తీసి పప్పులో వేసేసేది. "చెయ్యే చెప్తాది పాపా, నాలిక్కేం పని?" అని నవ్వేది. సోమల ఊరి దగ్గర వాళ్ళ చేలో ఎండన పడి పనిచేసేవాళ్ళకు ఏళ్ళ తరబడి వండిన చెయ్యి అది. ఉప్పు కాస్త ఎక్కువే పడేది.

ఆమె భర్త మునెప్పకు బీపీ ముదిరి కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఉప్పు దాదాపుగా మానెయ్యాలన్నాడు డాక్టరు. అత్త సరేనంది. అయినా ఆయన కాళ్ళ వాపు తగ్గలేదు. ఒకరోజు పొయ్యి దగ్గర అడిగాను.

"పప్పులో ఉప్పేసినావా అత్తా?"

"లేదు పాపా, దేవుడి మీద ఒట్టు."

ఆమె వేళ్ళ సందుల్లో ఉప్పురాళ్ళు ఇంకా అంటుకునే ఉన్నాయి. వాటిని చూసుకుని ఆమె ముఖం పాలిపోయింది. ఆమె అబద్ధమాడలేదు. వేసిన సంగతి ఆమెకే తెలియదు. నాకు భయమేసింది.

అప్పటికప్పుడు జాడీని వసారాలో పెట్టేసింది. "ఆడిదాకా నడిస్తే, ఉప్పెయ్యగూడదని గ్యానం వస్తాది," అంది. దేవుడికి పెట్టకముందే చుక్క నాలుక మీద వేసుకుని చూడటం మొదలుపెట్టింది. ఆ పాపమేదో తనకే తగలనిమ్మంది. అప్పటికే ఆలస్యమైపోయింది. చివరి రోజుల్లో మునెప్ప బతిమాలాడు.

"రవ్వంత ఉప్పెయ్యే, నోరంతా చప్పగా ఉండాది."

ఆమె వెయ్యలేదు. ఆయన చప్పిడి నోటితోనే పోయాడు. వెయ్యకపోవడం మంచిదో కాదో నాకిప్పటికీ తెలియదు.

కర్మలయ్యాక నేనే జాడీని లోపలికి తెచ్చాను.

"యాల తెచ్చినావు?" అంది.

"ఇంకెవరికత్తా పథ్యం?"

"ఆయప్ప పోయినాడు గానీ, నా చెయ్యి ఈడే ఉండాది గదా."

జాడీని తీసుకెళ్ళి మళ్ళీ వసారాలోనే పెట్టింది.

కుప్పం నుంచి వచ్చినప్పుడల్లా మా ఆడబిడ్డ, ఉప్పు బయటేమిటని నన్ను ఆటపట్టిస్తుంది. నేనూ నవ్వేస్తాను. అత్త దగ్గర వంటతోపాటు ఆ చెయ్యి కూడా నాకు వచ్చింది. మాటల్లో పడితే ఇప్పటికీ అది నన్నడక్కుండా పొయ్యి పక్కకు పోతుంది. అక్కడ ఏమీ ఉండదు.