రెండో సంతకం

జ్యూరిక్ సరస్సు ఒడ్డున ఒక పెద్ద బీమా కంపెనీ ఉంది. బీమా కంపెనీలకే బీమా చేసే కంపెనీ అది. ఓడ మునిగినా, ఊరు తగలబడినా ఆ నష్టం తిరిగి తిరిగి చివరికి వాళ్ళ గుమ్మంలోకే వస్తుంది. అందుకని ఇంకా రాని ముప్పుల్ని ముందే పసిగట్టడానికి ఒక విభాగం పెట్టుకున్నారు. విభాగం అంటే పెద్ద హాలూ వంద మంది మనుషులూ అనుకునేరు. నాలుగో అంతస్తులో మెట్ల పక్కన రెండు బల్లలు, అంతే. అందులో ఒకటి వెరేనా ఓడర్మాట్‌ది. లోకానికి ఏ వైపు నుంచి దెబ్బ తగలబోతుందో ముప్పై ఒక్క ఏళ్ళుగా అక్కడ కూర్చుని వెతుకుతోంది.

ఆవిడ పెద్ద పత్రికలు ముట్టదు. వాటిలో అచ్చయిందంటే జరగాల్సింది అప్పటికే జరిగిపోయిందని ఆవిడ లెక్క. కొండ లోయల్లో వారానికోసారి వచ్చే నాలుగు పేజీల పేపర్లు తెప్పించుకుంటుంది. వాటిలోనూ చివరి పేజీ ముందు చూస్తుంది. ఎవరికి ఏం కావాలో, ఎవరు ఏం అమ్ముకుంటున్నారో చదివితే ఎక్కడ ఏం చెడుతోందో తెలుస్తుందట.

ఇలాంటి మనిషిని ఎవరు దగ్గరికి రానిస్తారు? తొమ్మిది గంటల కాఫీకి ఆవిడ వచ్చి కూర్చుంటే ఆ బల్ల దగ్గరి వాళ్ళకి అప్పుడే ఏదో పని గుర్తొచ్చేది. ఇవాళ ఏ ఊరు మునగబోతోందని ఎవరో ఒకరు ఎగతాళి చేసేవారు. ఇంటి దగ్గరా అంతే. ఆ బిల్డింగ్‌లో బట్టలుతికే గదికి వంతులున్నాయి. మంగళవారం తన వంతు కాగానే ఆవిడ గది తుడిచి, తాళంచెవిని కింది వాటా తలుపుకి తగిలించి వచ్చేస్తుంది. ఆ తలుపు వెనక ఎవరుంటారో పదకొండేళ్ళలో ఒక్కసారీ చూడలేదు.

అయినా తను ఒంటరిదాన్నని వెరేనా ఎప్పుడూ అనుకోలేదు. దానికి కారణం రూడి హున్సికర్. రెండో బల్ల అతనిది. ఆ కంపెనీలో ఒక్క సంతకంతో ఏ కాగితమూ గడప దాటదు. ఒకరు రాస్తే ఇంకొకరు చదివి, ఒప్పుకుని, కింద సంతకం పెట్టాలి. అప్పుడే అది కంపెనీ మాట అవుతుంది, లేకపోతే చిత్తు కాగితమే. ఇరవై రెండేళ్ళు వెరేనా రాసిన ప్రతి హెచ్చరిక కిందా రూడి సంతకం ఉంది. లోకమంతా నవ్వినా తనని నమ్మే మనిషి ఒకడున్నాడని ఆవిడ ధైర్యం. కిందటి శీతాకాలంలో అతను రిటైరయ్యాడు. ఆ బల్లకి ఫ్లురీనా అనే అమ్మాయి వచ్చింది. ఇరవై తొమ్మిదేళ్ళది, కొండ ప్రాంతం పిల్ల, మాట పొదుపు.

ఆ జూన్‌లో వెరేనాకి చివరి పేజీలో ఒక ప్రకటన కనబడింది. కొండ మీద బాటసారులు బస చేసే గుడిసె తలుపు బిగుసుకుని పట్టేస్తోంది, అంచు చిత్రిక పట్టి చెక్కడానికి వడ్రంగి కావాలని. మరుసటి వారం ఇంకో గుడిసె వాళ్ళు అదే అడిగారు. ఆ పై వారం మూడోది. మూడూ ఒకే కొండవే. రాళ్ళని పట్టి ఉంచే మంచు లోపల్లోపల కరిగిపోయి కొండే ఒరుగుతోందేమోనని ఆవిడకి అనుమానం వచ్చింది. కొండ కింద లోయలో ఒకే ఒక ఫ్యాక్టరీ ఉంది. మూత్రపిండాలు చెడిపోయిన వాళ్ళ రక్తం శుద్ధి చేసే యంత్రాలకి కావలసిన జల్లెళ్ళు అక్కడ తయారవుతాయి. పద్నాలుగు దేశాల ఆసుపత్రులు దాని మీదే బతుకుతున్నాయి, ఆ ఆసుపత్రుల బీమాలన్నీ ఈ కంపెనీ నెత్తినే ఉన్నాయి. లోయలో మనుషుల్ని రాత్రికి రాత్రి ఖాళీ చేయించొచ్చు, ఫ్యాక్టరీని మోసుకుపోలేరు కదా. జల్లెళ్ళు ఇంకో చోట కూడా తయారు చేయించమని ఇప్పుడే చెప్పాలి. శుక్రవారం పెద్దల కమిటీ. అది దాటితే మళ్ళీ నవంబరులోనే.

బుధవారం ఆవిడ ఆరు పేజీల కాగితం పట్టుకెళ్ళి ఫ్లురీనా ముందు పెట్టింది. ఆ పిల్ల కలం తీసి నేరుగా చివరి పేజీ తిప్పింది.

"చదవవా?" అంది వెరేనా.

"చదవక్కర్లేదన్నారండీ రూడి గారు. ఆవిడ ఏం తెచ్చినా సంతకం పెట్టెయ్, లోపల మాత్రం చూడకు, నేనూ అలాగే నెట్టుకొచ్చానని చెప్పి వెళ్ళారు."

వెరేనా కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టింది. కలం మూసెయ్యమంది. ముందు చదువు, శుక్రవారం పొద్దున చెప్పు అని కాగితం అక్కడే వదిలేసి వచ్చేసింది.

గురువారం సాయంత్రం రైలెక్కి రూడి ఊరు వెళ్ళింది. అతను ఇంటి వెనక ద్రాక్ష తీగలు కడుతున్నాడు. నా మీద జాలిపడి పెట్టావా ఆ సంతకాలన్నీ అని నిలబడే అడిగేసింది. రూడి చేతిలో తాడు అలాగే ఉండిపోయింది.

"జాలి కాదే వెరేనా, భయం. మొదటి రెండేళ్ళూ అక్షరం వదలకుండా చదివాను. నీకేం, ఉన్నదున్నట్టు రాసేస్తావు, నాకు కంటి మీద కునుకుండేది కాదు. ఇంట్లో చిన్న పిల్లలు. వాళ్ళ మొహాలు చూస్తే ఏడుపొచ్చేది. ఇక చదవడం మానేశాను. నువ్వు రాశావంటే నిజమే అయ్యుంటుందిలే అని పెట్టేసేవాణ్ణి."

"ఇరవై ఏళ్ళు?"

"ఇరవై ఏళ్ళు" అన్నాడు రూడి తలెత్తకుండా.

భోజనం చేసి వెళ్ళమని అతని భార్య లోపలి నుంచి పిలిచింది. ఆకలి లేదని చెప్పి వెరేనా వచ్చేసింది. నిజానికి కడుపు కాలిపోతోంది. అతని మీద కోపం తెచ్చుకోవాలని దారంతా ప్రయత్నించింది, రాలేదు. నమ్మినవాడే, కానీ పక్కన ఎప్పుడూ లేడు. ఆ మాట తలచుకున్న కొద్దీ ఆవిడకి దుఃఖం ఆగలేదు.

శుక్రవారం పొద్దున ఫ్లురీనా కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది. అంచుల నిండా పెన్సిలు గీతలు. చివరి పేజీ కింద మాత్రం ఖాళీ.

"రెండుసార్లు చదివానండీ. అందుకే సంతకం పెట్టలేను" అంది. "మా ఊళ్ళో ప్రతి వసంతంలో తలుపులు పట్టేస్తాయి. తడికి చెక్క ఉబ్బుతుంది. కొండ ఒరిగితే ద్వారబంధం వంకర పోవాలి. వీటిలో ఏది జరిగిందో మీరు వెళ్ళి చూశారా?"

వెరేనా చూడలేదు. ముప్పై ఒక్క ఏళ్ళలో దేన్నీ వెళ్ళి చూడలేదు. వెళ్ళి చూశావా అని అడిగిన వాళ్ళూ లేరు. రెండో సంతకం ఉండేదే ఆ ఒక్క ప్రశ్న కోసం. నలుగురూ నవ్వింది తన జోస్యాలని చూసి కాదేమో, ఎవరూ గీటు పెట్టి చూడని బంగారం అమ్ముకుంటున్నందుకేమోనని ఆవిడకి మొట్టమొదటిసారి అనిపించింది. పది గంటలకి కమిటీ మొదలైంది, పన్నెండింటికి ముగిసింది. ఆరు పేజీలూ ఆవిడ బల్ల మీదే ఉండిపోయాయి.

శనివారం అరవై ఒక్క ఏళ్ళ వెరేనా కొండ ఊళ్ళకి టపా మోసే పోస్టు బస్సెక్కి, కొండ మొదట్లో దిగి, మూడు గంటలు నడిచి మూడో గుడిసె చేరింది. గుడిసె కాపలాదారు బెనెడిక్ట్ అనే ముసలాయన, గుమ్మంలో చిత్రిక పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. వడ్రంగులెవరూ రాక విసిగిపోయి తనే పనికి దిగబోతున్నాడు. ఒక్క నిమిషం ఆగమని ఆవిడ సంచిలోంచి, గోడ నిటారుగా ఉందో లేదో చూసే దారానికి కట్టిన తూకపు గుండు తీసి ద్వారబంధం పై మూల నుంచి వేలాడదీసింది. చెక్క ఎండి గట్టిగా ఉంది, ఎక్కడా ఉబ్బలేదు. ద్వారబంధం మాత్రం కిందికి వచ్చేసరికి దారానికి రెండు వేళ్ళు దూరం జరిగింది. కొండే ఒరుగుతోంది. ఆవిడ రాసింది నిజమే.

ఆవిడ పక్కకి తిరిగింది, చూశావా అనడానికి. పక్కన ఎవరూ లేరు. ఫోన్ తీస్తే సిగ్నల్ లేదు. మళ్ళీ తన ఒక్కదాని మాటే, ఇంకో మనిషి కళ్ళతో చూస్తే తప్ప.

"ఈ తలుపు ఇప్పుడే చెక్కకండి" అంది బెనెడిక్ట్‌తో. "చెక్కేస్తే చెక్క ఉబ్బలేదనడానికి ఆనవాలు పోతుంది. ఇంకొకరు వచ్చి చూడాలి."

"తలుపు పడకపోతే రాత్రిళ్ళు చలికి చస్తున్నానమ్మా. ఆగమంటే ఆగుతాను, ఎవరొస్తారు? ఎప్పుడొస్తారు?"

వెరేనా దారం చేతికి చుట్టుకుంటూ నిలబడింది. రమ్మంటే వచ్చేవాళ్ళెవరో, ఫ్లురీనా అయినా వస్తుందో రాదో ఆవిడకి తెలియదు. ముసలాయన ఆవిడ మొహంలోకి చూసి, చిత్రికని తలుపు అంచుకి ఆనించాడు.