ఇందులో ఏం వేశావు గ్లెనిస్?

హెడ్లీ ట్రెవిన్‌కి ఉన్నది ఒకటే అలవాటు. ఎక్కడ తిండి కనిపించినా అందులో ఏం వేశారో అడుగుతాడు. పిండి ఏది, ఆ పిండి డబ్బా ఏది, డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఏం రాసి ఉంది, కలిపిన గరిటని అంతకుముందు ఏ గిన్నెలో ముంచారు, ఆ గిన్నె ఎవరు కడిగారు, కడిగినవాళ్లు శుభ్రంగా కడిగే మనుషులేనా... ఇలా ఉంటుంది వరస. అన్నిటికీ జవాబులు చెప్పించుకుని, తీరా చేసి ఒక్క ముద్ద కూడా తినడు. జేబులోంచి రేకు డబ్బా తీసి, ఇంట్లో ఉడకబెట్టి తెచ్చుకున్న గుడ్లు తింటాడు.

తినేవాడు కాదు కదా, ఇన్ని వివరాలెందుకని మీకు అనిపిస్తే తప్పులేదు. నాకు ఏళ్ల తరబడి అనిపించింది, ఎందుకంటే ఆ జవాబులు చెప్పాల్సొచ్చిన దౌర్భాగ్యురాల్ని నేనే. నా పేరు గ్లెనిస్. బిర్రంబూల్ బౌలింగ్ క్లబ్బులో వంటగది నాది. బయట పచ్చిక మీద బంతులు దొర్లించి అలసిపోయి వచ్చే పెద్దమనుషులకి టీలు, భోజనాలు పెట్టడం నా పని. అందరూ ఆడి అలసిపోతారు. హెడ్లీ ఒక్కడే నన్ను అడిగి అలసిపోతాడు.

న్యాయంగా చెప్పాలంటే మనిషికి జబ్బులు లేకపోలేదు. ఒకటి కాదు, రెండు. కుర్రతనం నుంచీ షుగరు ఉంది. భోజనానికి ముందు ఇన్సులిన్ పొడుచుకోవాలి, పొడుచుకున్నాక వేళకి తిండి పడాలి, పడకపోతే షుగరు దిగిపోయి ఉన్నచోటే కుప్పకూలతాడు. అది చాలదన్నట్టు నడివయసులో సీలియాక్ అనే ఇంకో జబ్బు వచ్చి చేరింది. గోధుమల్లో ఉండే గ్లూటెన్ అనే పదార్థం రవ్వంత లోపలికి పోయినా పేగులు పాడవుతాయి. ఇదెక్కడ వచ్చింది? గోధుమ తప్ప మరో పంట ఎరగని మా ఊళ్లో. అందులోనూ ఎవరికి? పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ గోధుమ పండించినవాడికి. పరాయి దేశాల వాళ్లందరికీ రొట్టె పెట్టినవాడు, ఇప్పుడు రొట్టె కోసిన కత్తిని కూడా ముట్టుకోడు. హెడ్లీకి గోధుమ పడదట అన్న వార్త విని, పాస్టరుగారికి దేవుడు పడడని విన్నంతగా నోళ్లు వెళ్లబెట్టింది ఊరు.

ఆ రెండు జబ్బులైనా ఒకదానితో ఒకటి సర్దుకుపోతాయా అంటే, సవతుల్లా కొట్టుకుంటాయి. గోధుమ లేకుండా చేసిన బిస్కట్లలో ఆ లోటు తెలియకుండా పంచదార గుమ్మరిస్తారు. పంచదార లేకుండా చేసినవాటిలో గోధుమ ఉంటుంది. బియ్యప్పిండితో, కర్రపెండలం పిండితో చేసిన రొట్టె ఒకటుంది. తింటే షుగరు ఆకాశాన్నంటుతుంది, చెయ్యి జారితే గచ్చు పగులుతుంది. రెండు జబ్బులకీ కలిపి నచ్చేది గుడ్డొక్కటే.

జబ్బు హెడ్లీదే గానీ వైద్యం ఊరందరిదీ.

"ఒక్క ముక్కకి ఏం కాదులే, తిను హెడ్లీ!"

"మా మరదలు కూడా గ్లూటెన్ మానేసింది తెలుసా? మొహం ఎంత కళగా ఉందో!"

బేకరీ వాడైతే ఇంకా తెలివైనవాడు. గ్లూటెన్ లేని శాండ్‌విచ్ ఉందా అని హెడ్లీ అడిగితే, ఉన్న శాండ్‌విచ్‌లోంచి రొట్టె రెండు వైపులా పీకేసి, మధ్యలో మాంసం ముక్క చేతిలో పెట్టాడు. "ఇదుగో, లేకుండా చేశాను" అన్నాడు. పట్నంలో ఇదంతా ఇప్పుడు ఫ్యాషను. మంచినీళ్ల సీసా మీద కూడా గ్లూటెన్ లేదని రాసి అమ్ముతున్నారు. ఆ ఫ్యాషను మనుషులు మా ఊరికి చుట్టపుచూపుగా వచ్చి, వంద నియమాలు చెప్పి, కేకు కనబడగానే "ఈ ఒక్క రోజుకీ" అంటారు. వాళ్లని చూసి చూసి, హెడ్లీది కూడా ఆ బాపతే అనుకునేవాళ్లం.

ఎన్నికల రోజు సంగతి చెబుతాను. ఓటేసి వచ్చి బడి ముందు రొట్టెలో చుట్టిన సాసేజ్ తినకపోతే వేసిన ఓటు చెల్లదన్నట్టు ఉంటుంది మా జనం ధోరణి. హెడ్లీ పొయ్యి ముందు నిలబడ్డాడు.

"ఈ సాసేజ్‌లో పిండి కలిపారా?"

"కలిపే ఉంటారు. అందరూ కలుపుతారుగా."

"ఏ పిండి?"

"నన్నడిగితే నాకేం తెలుసయ్యా? నేను తిప్పేవాణ్ణి, చేసేవాణ్ణి కాదు."

"ఉల్లిపాయలు వేరే పెనం మీద వేయించారా, ఇదే పెనమా?"

వెనక వరస బడి గేటు దాటి రోడ్డెక్కింది. ఎవరో గట్టిగా అరిచారు. "అభ్యర్థుల్ని అడగాల్సినవన్నీ సాసేజ్‌ని అడుగుతున్నావేంటయ్యా!"

మనవాడు చలించలేదు. అన్నీ తెలుసుకుని, గుడ్డు తీసి తిని, టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు.

చర్చిలో చేసింది ఇంకా ఘోరం. పాస్టరుగారు ప్రార్థనలో అందరికీ పంచే పలచటి అప్పం ముక్క చేతిలో పెట్టి, "ఇది ప్రభువు శరీరం" అన్నారు.

"అది సరేనండీ, పిండి ఏది?" అన్నాడు హెడ్లీ. అదైనా మెల్లగా అనొచ్చుగా? కొట్టులో బేరమాడే గొంతుతో అన్నాడు. ఆ మాటకి పైన ఆర్గన్ వాయిస్తున్న ఇల్మా పెచ్ వేలు తప్పి ఒక అపస్వరం పలికింది. పాస్టరుగారు చెవుల దాకా ఎర్రబడ్డారు గానీ, పై నెలకల్లా బియ్యప్పిండి అప్పాలు తెప్పించారు.

ఇల్మా అంటే ఎవరో చెప్పలేదు కదూ. ఆవిడ గురించి చెప్పడానికి ఎక్కువేమీ లేదు. మోకాలు తగిలితే కుర్చీకి క్షమాపణ చెప్పుకునే మనిషి. టీలో పంచదార వేశామని తెలిసినా, మాకు శ్రమ ఇవ్వడం ఇష్టంలేక, కప్పు పట్టుకుని చల్లారేదాకా కూర్చుని వెళ్లిపోతుంది. అలాంటివాళ్లు ఊరికి పది మంది ఉంటే నా వంటగది స్వర్గంలా ఉండేదని అనుకునేదాన్ని.

ఇక నా ఓపిక పూర్తిగా చచ్చిన రోజు సంగతి. పక్క ఊరి క్లబ్బు వాళ్లు పోటీకి వచ్చారు. బల్లలన్నీ నింపి, తెల్లసొన గిలకొట్టి చేసిన పావ్‌లోవా కేకుని మధ్యలో కొలువుతీర్చి, నేను తలుపు దగ్గర ఠీవిగా నిలబడ్డాను. హెడ్లీ అతిథుల ముందే నా వంటగదిలోకి దూరి, గరిట వాసన చూసి, "ఇది దేంట్లో ముంచావు గ్లెనిస్?" అన్నాడు. అతిథులు ఒకరి మొహాలొకరు చూసుకుని, ప్లేట్లు మెల్లగా కింద పెట్టేశారు. క్లబ్బు చరిత్రలో మొదటిసారి నా పావ్‌లోవా కుక్కల పాలైంది.

మర్నాడే సమావేశం. అధ్యక్షుడు రస్సెల్ డగ్డేల్, హెడ్లీ చిన్నప్పుడు ఒకే బెంచీ మీద చదువుకున్నారు. అయినా రస్సెల్ లేచి, గొంతు సవరించుకుని, కుండ బద్దలు కొట్టాడు.

"ఒరేయ్ హెడ్లీ, ఇకమీదట ఈ క్లబ్బు భోజనాల దగ్గర నువ్వు ఒక్క ప్రశ్న అడిగినా నీ సభ్యత్వం రద్దు. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి."

అందరికంటే ముందు నేనెత్తాను. రెండు చేతులూ ఎత్తాను. దానికి నేనేమీ సిగ్గుపడటం లేదు, గరిట వాసన చూసింది అతను, నేను కాదు.

కానీ హెడ్లీ మొహం పాలిపోయింది. భార్య పోయింది, పొలం మేనల్లుడు చూసుకుంటున్నాడు, ఇంట్లో పలకరించే ప్రాణి లేదు. పొద్దున్నే వచ్చి గేటు తీసేది అతనే, పచ్చికకి నీళ్లు పెట్టేది అతనే, సాయంత్రం దీపాలు ఆర్పేదీ అతనే. ఈ క్లబ్బు లేకపోతే అతనికి పోవడానికి చోటంటూ లేదు.

"సరేరా. నోరు మూసుకుంటాను" అన్నాడు.

ఆ ఆదివారమే సీజను ముగింపు భోజనం. వేట మాంసం రోస్టు చేశాను. ముక్కలు ఎండిపోకుండా పైన గ్రేవీ ధారాళంగా పోసి ఉంచాను. వేళకి పెట్టేద్దామంటే రస్సెల్ ప్రసంగం మొదలుపెట్టాడు. క్లబ్బు పుట్టుక నుంచి ఎత్తుకున్నాడు. పచ్చిక ఎదిగిన వైనం, బంతులు దొర్లిన వైనం, తాను అధ్యక్షుడైన వైనం... రోస్టు చల్లారింది, జనం చల్లారారు, ఆయన మాత్రం చల్లారలేదు.

ఎట్టకేలకు వరస కదిలింది. ముందు హెడ్లీ, వెనక ఇల్మా. హెడ్లీ పెదాలు బిగించి రోస్టు ముందు నిలబడ్డాడు. మెడ నరాలు ఉబ్బాయి. కళ్లు గ్రేవీ వైపు లాగాయి. ఒక్క మాట లేకుండా దాటిపోయాడు. నాకు లోపల పండగే.

ఇల్మా మాత్రం దాటలేదు. ఖాళీ ప్లేటు పట్టుకుని అక్కడే నిలబడింది. నుదుటి నిండా చెమట. గరిట అందుకుంది, వదిలేసింది. మళ్లీ అందుకుంది. ప్లేటు గడగడా వణుకుతోంది. హెడ్లీ వెనక్కి తిరిగి ఆవిడ మొహం చూశాడు.

"ఇందులో ఏం వేశావు గ్లెనిస్?"

హాలు దద్దరిల్లింది. రస్సెల్ కుర్చీలోంచి లేచాడు. "అయిపోయిందిరా హెడ్లీ! నీ సభ్యత్వం రద్దు!"

"రద్దు చేసుకో! ముందు దీని సంగతి చెప్పనీ. గ్రేవీ చిక్కబడటానికి ఏం కలిపావు?"

నాకు ఒళ్లు మండిపోయింది. "నీకెందుకయ్యా చెప్పాలి? తినే మొహమేనా? ఏనాడైనా నా వంట నోట్లో పెట్టావా?"

"నా కోసం కాదు..." అని టక్కున ఆగిపోయాడు. మాట జారినవాడిలా నాలిక కరుచుకున్నాడు.

"నా కోసం" అంది ఇల్మా.

ఆవిడ గొంతు అంత దూరం వినిపిస్తుందని అంతవరకు ఎవరికీ తెలియదు. "ఆయన అడిగేదంతా నా కోసమే. నాకూ ఆ రెండు జబ్బులే ఉన్నాయి. మీ అందరికీ శ్రమ అని నేను అడగలేను. ఆయన గట్టిగా అడుగుతారు, నేను వెనక నిలబడి వింటాను. భోజనం వేళైందని ఇందాకే ఇన్సులిన్ పొడుచుకున్నాను. ప్రసంగం ఇంతసేపుంటుందని అనుకోలేదు. క్షమించండి రస్సెల్ గారూ." నా వైపు తిరిగింది. "గ్రేవీలో ఏం వేశావు గ్లెనిస్?"

హెడ్లీ అప్పటికే జేబులోంచి తీపి బిళ్లలు తీసి ఆవిడ చేతిలో పోస్తున్నాడు. "ముందు ఇవి నమలండి. గ్లూటెన్ లేదు, చూశాను. కూర్చోండి."

"కార్న్‌ఫ్లోర్ వేశాను" అన్నాను తలెత్తి. "మొక్కజొన్న! గోధుమ కాదు!"

"డబ్బా తే."

హెడ్లీ ముక్కు మీద కొడదామని తెచ్చాను. అతను కళ్లద్దాలు పెట్టుకుని, చిన్న అక్షరాలు పైకి చదివాడు. గోధుమ నుంచి తీసినది. మా దేశంలో గోధుమతో చేసినదానికి కూడా ఆ పేరే పెట్టి అమ్ముతారు. ఆ డబ్బాని నేను చెత్తబుట్టలోకి విసిరిన చప్పుడు పచ్చిక అవతల దాకా వినిపించి ఉంటుంది.

"నాకు ముందే చెప్పి చావొచ్చుగా!" అని హెడ్లీ మీద పడ్డాను.

"పట్నం ఆసుపత్రిలో కలిసినప్పుడు ఎవరికీ చెప్పొద్దన్నారు ఆవిడ" అన్నాడు. "అడగొద్దనలేదు కదా!"

నేను లోపలికి పరిగెత్తి, ఇంకా కొయ్యని, గ్రేవీ తగలని రోస్టుని కొత్త కత్తితో ముక్కలు కోసి, ఉత్త ఉడికిన బంగాళాదుంపలతో ఇల్మా ముందు పెట్టాను. ఆవిడ తింటుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. అయినా ఒక అనుమానం మిగిలిపోయింది.

"అది సరే హెడ్లీ. అన్నీ అడిగి తెలుసుకున్నాక నువ్వు కూడా తినొచ్చుగా? గుడ్లెందుకు?"

హెడ్లీ నేల చూపులు చూశాడు. "నీ రోస్టు ఒకసారి తిన్నాను గ్లెనిస్. దానికీ జబ్బులకీ సంబంధం లేదు."

హాలంతా విరగబడి నవ్వింది. నేను అతని మీదికి తుడిచే గుడ్డ విసిరాను. ఆ నవ్వులో ఎవరో, "గ్లెనిస్, కేకులో బాదం పడిందా? నాకు గొంతు వాస్తుంది" అన్నారు. "నాకు ఉల్లిపాయ అరగదు" అని ఇంకొకరు. నేను వంటగదిలోకి వెళ్లేలోగానే కిటికీ ముందు వరస కట్టేశారు. ఇన్నేళ్లూ నోరు మూసుకుని తిని, ఇంటికెళ్లి పొట్ట పట్టుకున్నవాళ్లే అందరూ.

రస్సెల్ మాత్రం వరసలో లేడు. ఎప్పుడూ భోజనం సగంలో ఉండగానే ఏదో పని గుర్తొచ్చి ఇంటికి పరిగెత్తే మనిషి, ఆ రోజు వెన్నలా మెదిపిన బంగాళాదుంప ముద్ద ముందు ఒంటరిగా నిలబడ్డాడు. చెంచా తీశాడు, పెట్టేశాడు. అటూ ఇటూ చూశాడు. టై సవరించుకున్నాడు. అధ్యక్షుడు కదా, ప్రశ్నలు రద్దు చేసినవాడు తానే కదా.

సభ్యత్వం పోయిన హెడ్లీ టోపీ పట్టుకుని గుమ్మం దాకా వెళ్లి, అక్కడ ఆగి, అదంతా చూశాడు. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, "గ్లెనిస్! ఆ బంగాళాదుంప ముద్దలో పాలు పోశావా?" అని కేక పెట్టాడు.

పాల వల్ల హెడ్లీకి ఏ ఇబ్బందీ లేదని ఊళ్లో పిల్లలకి కూడా తెలుసు. రస్సెల్ పైకప్పు వైపు దీక్షగా చూస్తున్నాడు.

"పోశాను" అన్నాను. "పొయ్యనివి లోపల వేరే ఉన్నాయి. ఎవరికి కావాలి?"

"నాకే" అన్నాడు హెడ్లీ.

రస్సెల్ ఇంకా పైకప్పు మీంచి చూపు దించకుండానే కిటికీ దాకా వచ్చి, తన ప్లేటు నా చేతికిచ్చి, "హెడ్లీకి నా పక్కన కుర్చీ వేయండి" అన్నాడు.